ఒక పైపు, రెండు వంటిళ్ళు

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకి రెండు వంటిళ్ళు అట్టపెట్టెల్లో వచ్చి ఒకే గదిలో దిగాయి. కార్పెంటరు గది మధ్యలో నిలబడ్డాడు. తోడికోడళ్ళు చెరో గోడకి ఆనుకున్నారు. అత్తగారు హాల్లో టీవీ ముందు కూర్చుంది.

"…అది కాదు కార్పెంటరు గారూ, కాలు ఎక్కడ పెట్టారో చూసుకోండి. అది నా పెట్టె కాదు. ఆ అమ్మాయిది. దాన్ని తొక్కాలంటే ఆ అమ్మాయిని అడగండి."

"ఆవిడ ఎదురుగానే ఉన్నారుగా పెద్ద మేడమ్. మీరే అడగొచ్చు."

"మేం మాట్లాడుకోం."

"ఎప్పట్నించి?"

"వంటిళ్ళు వేరనుకున్న దగ్గర్నించి. ఏదైనా ఉంటే నేను మీతో అంటాను, మీరు అటు అనండి."

"చిన్న మేడమ్, మీ పెట్టె మీద కాలు పెట్టొచ్చా?"

"పెట్టు అన్నా. కానీ ఒక కాలు నా పెట్టె మీద పెడితే రెండో కాలు ఆవిడ పెట్టె మీద పెట్టాలి. నా ఒక్కదాని సామానే తొక్కుడు సామాను అయిందంటే నేను పడను."

"రెండు కాళ్ళూ రెండు పెట్టెల మీద పెట్టి వంగి టేపు ఎలా కోస్తానండీ?"

"అది నీ పనితనం."

"సరే, దిగుతున్నా. నేల మీద ఈ సుద్దగీతలేంటి?"

"సరిహద్దు."

"రెండున్నాయి."

"ఒకటి మా ఆయన గీశారు. అది తప్పని మా మరిది మళ్ళీ కొలిచి ఇంకోటి గీశాడు. కొలిచే టేపు కూడా ఎవరిది వాళ్ళే తెచ్చుకున్నారు."

"మరి గీతల మధ్యలో ఈ జానెడు జాగా ఎవరిది?"

"తేలలేదు. ప్రస్తుతానికి మా అత్తయ్యది."

"నేనిప్పుడు నిలబడింది అక్కడే. ఆవిడనడగాలా?"

"ఆవిడేమీ అనరు అన్నా. నిలబడు. ఎటూ వాలకు, అంతే."

"పని మొదలుపెడితే గీతలు చెరిగిపోతాయండీ. అటూ ఇటూ తిరగాలి నేను."

"చెరిగితే చెరగనివ్వండి. సాయంత్రం నాలుగింటికి తాపీ మేస్త్రీ వస్తున్నాడు. గోడ లేస్తుంది."

"ఏ గీత మీద?"

"రెండిటి మీదా. లావు గోడ."

"గేటు దగ్గర ఇటుకలు అందుకా! ఎవరో పైన గది వేయిస్తున్నారనుకున్నా. మేడమ్, ఈ గదికి కిటికీ ఒకటే ఉంది."

"చెరి సగం."

"తెరుచుకునే రెక్క ఒకటే."

"అది అటు పడింది. ఆ అమ్మాయికి గాలి, నాకు గాజు. ఏం చేస్తాం, నా రాత."

"గాలి నాకొచ్చినందుకు స్విచ్చుబోర్డు ఆవిడకి వదిలేశామని చెప్పు అన్నా. నేను మిక్సీ వేసుకోవాలంటే బాత్రూం నుంచి వైరు లాక్కోవాలి. అదీ చెప్పు."

"విన్నారండీ. మీరు అరిచిన అరుపుకి వీధి చివర కూడా విన్నారు."

"నా గొంతే అంత."

"పెద్ద మేడమ్ గొంతూ అంతే ఉంది."

"ఈ ఇంట్లో అందరిదీ అంతే. హాల్లో టీవీ పెద్దగా మోగుతుంటుంది. గట్టిగా అనకపోతే అత్తయ్యకి వినబడదు."

"ఆవిడకెందుకు వినబడాలి?"

"ఎందుకేంటండీ, ఇంటికి పెద్ద. అన్నీ వినాలి."

"సరే. పెట్టె విప్పుతున్నా. ముందు ఎవరిది?"

"రెండూ ఒకేసారి."

"ఒకేసారి ఎలా అవుతుంది మేడమ్?"

"చెరో చేత్తో."

"ఇటొక గాటు, అటొక గాటు పెడతా. సరేనా? … ఇది అయింది. అది అయింది. చూసుకోండి, రెండు సెట్లూ ఒక్కటే. ఒకే తెలుపు, అవే పిడులు, అవే సొరుగులు. స్క్రూల సంచి ఇటొకటి, అటొకటి."

"లెక్కపెట్టండి."

"స్క్రూలా?"

"మరి? తక్కువొస్తే రేపు ఎవరిని అడుగుతాం?"

"లెక్కపెడితే పొద్దెక్కుతుందండీ."

"ఎక్కనివ్వండి. పంపకం అంటే పంపకమే."

"… అయింది. చిన్న మేడమ్ వైపు ఒకటి ఎక్కువొచ్చింది."

"చూశారా! చూశారా! నేననుకుంటూనే ఉన్నా!"

"అన్నా, ఆ ఎక్కువొచ్చింది తీసి ఆవిడకిచ్చెయ్యి. నాకొద్దు ఎవరి సొమ్మూ."

"అప్పుడు ఆవిడకి ఒకటి ఎక్కువవుతుంది."

"అయితే సగం చెయ్యి."

"స్క్రూని సగం చేస్తే తల ఒకరికొస్తుంది, మొన ఒకరికొస్తుంది."

"తల పెద్దవాళ్ళకి ఇవ్వాలి. అది పద్ధతి."

"అంటే మొన నాకా? ఎప్పుడూ మొనే నాకు! నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన దగ్గర్నించీ మొనే!"

"ఇద్దరికీ వద్దు. నా జేబులో వేసుకుంటున్నా. నేను బిగించేవాణ్ణి మేడమ్, పంచేవాణ్ణి కాదు."

"జేబులో వద్దు. అత్తయ్య జానెడులో పెట్టండి. అక్కడ పెట్టింది ఎవరూ ముట్టుకోరు."

"పెట్టాను. ఇంతకీ ఇది కొట్లో దొరికే అన్నిట్లోకీ చవక రకం. ఇద్దరూ ఇదే ఎలా ఎంచారండీ?"

"మేం ఎంచలేదు. అన్నదమ్ములు ఎంచారు. మా ఆయన ఒకటి చూశారు. మా మరిది దానికన్నా చవకది చూశాడు. తమ్ముడి కన్నా ఎక్కువెందుకు పెట్టాలని మా ఆయన ఇంకా కిందది చూశారు. అన్న పెట్టనిది నేనెందుకని మా మరిది దానికింకా కిందికి పోయాడు. అలా దిగి దిగి దీని దగ్గర ఆగారు. దీని కింద ఇంక కొట్టు నేల తప్ప ఏమీ లేదు."

"మా ఆయన ఆ నేలనీ ఒకసారి చూశాడు అన్నా."

"వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారా?"

"మాట్లాడుకోకపోవడమేంటి! కలిసి బండి మీద వెళ్తారు, కలిసి వస్తారు. డబ్బు జేబులోంచి తీయాల్సినప్పుడే ఇద్దరికీ మాటలు పడిపోతాయి."

"పాత వంటిల్లు ఏమైంది?"

"రాతిబల్ల. నిలువునా పగిలింది. పగులు కింద ఒక ఇటుక పెట్టాం. ఇటుక కుంగితే దాని కింద అట్టముక్క పెట్టాం. చపాతీ ఒత్తితే ఊగేది. ఇంతకన్నా అడగకండి, కళ్ళనీళ్ళొస్తాయి. టీ తాగండి. ఇది నా టీ."

"థాంక్సండీ."

"అన్నా, ఇదిగో నాది."

"ఒకటి చాలండీ."

"ఆవిడది తాగి నాది వద్దంటావా? సాయంత్రం మా ఆయనకి ఏమని చెప్పను, కార్పెంటరు కూడా వాళ్ళ వైపే అనా?"

"అయ్యో, ఇటివ్వండి. ఇటొక గుక్క, అటొక గుక్క. … మేడమ్, రెండూ ఒకటే రుచి."

"పాల ప్యాకెట్టు ఒకే కొట్టుది."

"చక్కెర కూడా ఒకేలా తక్కువైంది."

"చక్కెర డబ్బా ఇంకా పంచలేదు."

"మాడువాసన కూడా ఒకటే వస్తోంది. ఒకే గిన్నెలో…"

"గిన్నెలు రెండూ ఒకే మనిషి దగ్గర కొన్నాం. తాగు అన్నా, చల్లారిపోతోంది."

"సరే. ఇప్పుడు అసలు సంగతి. నీళ్ళ పైపు కిటికీ కింద ఉంది. అంటే గీతల మధ్యలో."

"అత్తయ్య జానెడులో."

"వాడిన నీళ్ళు పోయే గొట్టం కూడా అక్కడే. మంచిదే. గోడకి అటు పక్కన ఒక సింకు, ఇటు పక్కన ఒక సింకు పెడితే ఇద్దరికీ నీళ్ళందుతాయి. పై పలకలు తీద్దాం. ఇది పెద్ద మేడమ్‌ది. సింకు కన్నం కోసే వచ్చింది. కుడి చివర ఉంది. మీరు కిటికీకి ఎడమ పక్క కాబట్టి కుడి చివరంటే పైపు దగ్గర. బ్రహ్మాండం. ఇది చిన్న మేడమ్‌ది. దీని కన్నం… మేడమ్."

"ఏమైంది అన్నా?"

"ఇదీ కుడి చివరే ఉంది."

"ఉంటే?"

"మీరు కిటికీకి కుడి పక్క. మీ కుడి చివరంటే అదిగో, ఆ మూల. అక్కడ పైపు లేదు."

"అంటే ఆవిడకి నీళ్ళు, నాకు కన్నమా?"

"ఈ సెట్టు రెండు రకాలుగా వస్తుందండీ. ఎడమ కన్నంది ఒకటి, కుడి కన్నంది ఒకటి. మీరు చెరోటి తీసుకోవాల్సింది."

"అదెలా కుదురుతుంది? ఆవిడకి కుడిది, నాకు ఎడమది అంటే ఇంక సమానం ఎక్కడుంది?"

"చెప్పులు కొనేటప్పుడు రెండూ కుడికాలివే కొంటామా మేడమ్?"

"ఒక మనిషికయితే కొనం. ఇద్దరికి కొంటూ ఒకరికి కుడి, ఒకరికి ఎడమ ఇస్తామా?"

"సరే, చెప్పులు వదిలేద్దాం. నీళ్ళ సంగతి చూద్దాం."

"ఆ అమ్మాయిది తిప్పి పెట్టండి. ఎడమకి వచ్చేస్తుంది."

"తిప్పితే నున్నటి అంచు గోడవైపు పోతుంది. వెనక ఉండాల్సిన పచ్చి అంచు ముందుకొస్తుంది. ఇది చెక్కపొట్టు అదిమి చేసిన పలక మేడమ్. ఆ అంచుకి నీళ్ళు తగిలితే వానాకాలం దాటదు, బన్ను ఉబ్బినట్టు ఉబ్బుతుంది."

"పైపునే ఆ మూలకి లాగు అన్నా."

"వచ్చే నీళ్ళు లాగొచ్చు. పోయే నీళ్ళు వాటంతటవే పోవాలి, దానికి వాలు కావాలి. గోడలో ఈ గొట్టం చూడండి, మోకాలి ఎత్తులో ఉంది. అంత దూరం నుంచి దీనికి వాలు తేవాలంటే ఆ మూల సింకుని పైకి లేపాలి."

"ఎంత పైకి?"

"మీ గడ్డం దాకా."

"గడ్డం దాకా లేపి గిన్నెలు ఎలా కడుక్కోను?"

"స్టూలెక్కి."

"అయితే ఆవిడ సింకు కూడా గడ్డం దాకా లేపు. నేనొక్కదాన్నే స్టూలెక్కితే ఊరుకోను."

"నాకెందుకు లేపాలి? నా పైపు నా కిందే ఉంది! పోనీ పక్కలు మార్చుకుంటామని చెప్పండి."

"మార్చుకుంటే చిన్న మేడమ్‌కి నీళ్ళొస్తాయి, మీకు పోతాయి."

"అది బాగుంది అన్నా. మార్చెయ్యి."

"వద్దొద్దు, నేను అనలేదు. మార్చమని నేను అననే లేదు."

"మేడమ్, ఒకటే దారి కనబడుతోంది. చెప్తే ఇద్దరూ కలిసి నన్ను కొడతారు."

"కలవం. చెప్పండి."

"గోడ లేకుండా, గీతలు లేకుండా, రెండు సెట్లూ ఒకే వరసలో ఈ గోడ పొడుగునా బిగించాలి. కిటికీ కింద సింకు వస్తుంది. అటూ ఇటూ సొరుగులు. అంటే ఒకే పెద్ద వంటిల్లు."

"ఛీ!"

"ఛీ ఛీ!"

"అందుకే చెప్పనన్నాను."

"ఒకే వంటిల్లా? ఆ మాట ఇంకోసారి ఈ ఇంట్లో ఎత్తకండి. … ఊరికే అడుగుతున్నా, అలా చేస్తే ఆ మూల రెండో కన్నం ఉంటుంది కదా, దాన్నేం చేస్తారు?"

"అదే ఆలోచిస్తున్నా."

"పొయ్యి కూర్చుంటుందా అన్నా అందులో? కూర్చోకూడదనే నా కోరిక. ఊరికే అడుగుతున్నా."

"పలకలోకి దిగే రకం పొయ్యా? ఎంతుంటుంది?"

"కన్నం కన్నా చుట్టూ వేలెడు ఎక్కువ. అంచు మీద చక్కగా ఆనుతుంది."

"కొలిచారా?"

"కొలవడమేంటి? కలొచ్చింది."

"కలలో పొయ్యి వచ్చిందా?"

"నాలుగు బర్నర్లు. మంచం కింద అట్టపెట్టెలో ఉన్నట్టు వచ్చింది."

"ఆ అమ్మాయికి పిచ్చి ముదిరిందని చెప్పండి. ఇంకోటి అడుగుతున్నా, ఊరికే. రెండు పలకలు కలిసే చోట సందులోకి నీళ్ళు దిగవా?"

"అల్యూమినియం పట్టీ వేసి సిలికాన్ పెడితే దిగవండీ. కానీ మీరు వద్దన్నారుగా."

"వద్దు. ఛస్తే వద్దు. పట్టీ మీ దగ్గర ఉందా?"

"ఉంది."

"ఉన్నా వద్దు."

"ఒక్క నిమిషం అన్నా. టీవీ ఆగింది. అత్తయ్య లేచారు. … బకెట్టు తీసుకున్నారు. డాబా మీద బట్టలు తీయడానికి వెళ్తున్నట్టున్నారు. ఎక్కుతున్నారు. ఎక్కుతున్నారు. … అక్కా, ఎక్కేశారు."

"ముందా తలుపు వెయ్యవే."

"వేశా. అమ్మయ్య! పొద్దున్నుంచీ ఆ గోడకి ఆనుకుని నడుం పట్టేసింది."

"నీకు నడుం, నాకు గొంతు. చూశారా చూశారా అని ఎంత గట్టిగా అరిచానో. బాగా వచ్చిందా?"

"అది బాగానే వచ్చింది. తల పెద్దవాళ్ళకి ఇవ్వాలి అన్నావు చూడు, అక్కడ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగిపోయానక్కా."

"నువ్వు మాత్రం? మంచం కింద అట్టపెట్టె అని ఎవరడిగారే నిన్ను? ఇంకాస్త ఆగితే రసీదు కూడా చూపించేదానివి."

"మేడమ్."

"ఏంటి కార్పెంటరు గారూ?"

"మీరు మాట్లాడుకుంటున్నారు."

"మాట్లాడుకోకుండా ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు ఎలా ఉంటామండీ?"

"మరి పొద్దున్నుంచీ నన్ను మధ్యలో పెట్టి అటూ ఇటూ తిప్పారు."

"ఏమీ అనుకోకండి. మీకు చెప్పక తప్పదిప్పుడు. మాకు వేరు కాపురాలు వద్దు, వేరు వంటిళ్ళు వద్దు. మాకు ఊగని గట్టు ఒకటి కావాలి. అంతే."

"అది మీవాళ్ళని అడగొచ్చుగా?"

"అడగలేదనుకున్నావా అన్నా? మా ఆయన్నడిగితే అన్న ఉండగా నేనెందుకు కొనాలి, వదిన కూడా వాడుతుందిగా అంటాడు. బావగారినడిగితే…"

"నా ఒక్కడి వంటిల్లా అది, వాడికి పట్టదా అంటారు. ఉమ్మడిది కాబట్టి ఎవరూ కొనరు. అలా ఆ రాయి ఊగుతూనే ఉంది. ఒకరోజు పాలగిన్నె దాని మీంచి జారి దీని కాళ్ళ మీద పడింది. ఇద్దరినీ పిలిచి చూపించాం. ఇటుక మార్చారు."

"పాత ఇటుక తీసి కొత్త ఇటుక పెట్టారు అన్నా. పాపం, అది మాత్రం చెరి సగం వేసుకుని కొన్నారు."

"అప్పుడు ఇది ఒకరోజు గిన్నెలు తోముతూ అంది, అక్కా, మనం పోట్లాడుకుందామా అని."

"నేనెక్కడన్నాను? నువ్వే అన్నావు."

"ఎవరో ఒకరం అన్నాం. మర్నాడు ఉప్పు గురించి మొదలుపెట్టాం. రెండు రోజులు మాటలు మానేశాం. నా వంటిల్లు నాకు వేరే పడెయ్యండని నేను ఏడ్చాను, అటు గదిలో ఇది ఏడ్చింది. ఆ వారమే ఇద్దరూ కొట్టుకి పరిగెత్తారు. తన పెళ్ళానికి తను కొనుక్కోవడానికి ఇద్దరికీ చేతులొచ్చాయి."

"మరి రెండూ కుడి కన్నాలు?"

"అది అక్క పని."

"కొట్లో ఆయన చెవిలో వేశాను. మీ తమ్ముడు పట్టుబట్టి కుడిది తీసుకుంటున్నాడు, ఏదో లాభం ఉండే ఉంటుంది అని."

"నేనూ మా ఆయనతో అదే అన్నా. మీ అన్నయ్య కుడిది వదలట్లేదు, మనకి ఎడమది అంటగడతారు చూస్తూ ఉండు అని. ఇంక ఎడమది చూపిస్తానన్న కొట్టువాణ్ణి కొట్టబోయాడు."

"అంటే పైపు సంగతి మీకు ముందే తెలుసు."

"రోజూ ఆ పైపు దగ్గరే బతుకుతున్నాం కదండీ. తెలియకేం? వాలు సంగతి తెలియదు. గడ్డం దాకా అన్నారు చూడండి, అది మా ఆయనతో కూడా అలాగే చెప్పాలి మీరు."

"నేను చెప్పాలా?"

"మీరే చెప్పాలి. సాయంత్రం వాళ్ళొచ్చి ఒకటే ఉందేంటని అడుగుతారు. పైపు, వాలు, అంచు, మాకు చెప్పినట్టే చెప్పండి. అందులో అబద్ధం ఒక్కటీ లేదుగా."

"లేదనుకోండి."

"మేమిద్దరం చెరో మూల కూర్చుని ఏడుస్తాం. పొద్దున ఆవిడ వండుకోనీ, సాయంత్రం నేను వండుకుంటా అని నేను ఏడుస్తూ ఒప్పుకుంటా. ముందు నేనే ఏడుస్తానక్కా, నీకు తొందరగా నవ్వొస్తుంది."

"అంతా బాగానే ఉంది. మరి గోడ?"

"అదే మా చేయి దాటిపోయింది కార్పెంటరు గారూ. గోడ మా ఆలోచన కాదు. సెట్లు రెండూ కొన్నాక ఇద్దరూ బండి మీద వస్తూ మాట్లాడుకున్నారట. రేపు మళ్ళీ గొడవలెందుకు, మధ్యలో గోడ పెట్టేద్దాం అని. పెళ్ళిళ్ళయ్యాక అన్నదమ్ములు ఒక్కటై చేస్తున్న మొదటి పని ఈ గోడ."

"ఇటుకలు కూడా ఇద్దరూ కలిసే దింపారు అన్నా. పాటలు పాడుకుంటూ. వద్దందామంటే, మరి మీకేగా పడదు అంటారు. ఏమని చెప్తాం?"

"గోడ లేచిందంటే ఇక నిజంగానే వేరు. దీనికి నీళ్ళుండవు, నాకు గాలుండదు. నాటకమాడి ఉన్న ఒక్క వంటిల్లూ పోగొట్టుకున్నవాళ్ళమవుతాం. రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు."

"నాలుగింటిలోపు పలక గీత దాటాలి అన్నా. ఒకసారి రెండూ కలిపి బిగించేశాక గోడ కట్టాలంటే మధ్యలో కోయాలి. సొంత డబ్బు పెట్టి కొన్న పలకని ఆ ఇద్దరిలో ఏ ఒక్కడూ కోయనివ్వడు."

"అది నిజమే."

"అత్తయ్యకి మాత్రం ఒక్క ముక్క కూడా తెలియకూడదు. ఆవిడ కడుపులో మాట దాగదు. కొడుకులు గుమ్మంలో చెప్పులు విప్పేలోపు పొద్దున్నుంచీ విన్నదంతా చెప్పేస్తారు. అందుకే ఆవిడ వినేలా అంత పోట్లాట."

"ఆవిడకి అనుమానం లేదంటారా?"

"రవ్వంత కూడా లేదు. నిన్న మా ఇద్దరి గొడవ విని ఒక పూట అన్నం మానేశారు, పాపం."

"సరే, అయితే మొదలుపెడదాం. ఇద్దరూ రండి. అరలు ముందు నిలబెడతా. చిన్న మేడమ్, ఈ లెవెల్ పట్టుకోండి. బుడగ మధ్యలోకి వస్తే చెప్పండి."

"వచ్చింది. పోయింది. వచ్చింది. … అక్కా, నువ్వు పక్కన నిలబడితే నేల వాలుతోంది."

"ఏడిశావు. అర కాళ్ళ కింద మర తిప్పండి కార్పెంటరు గారూ, ఆ వాలు నా వల్ల కాదు."

"ఇప్పుడు చూడండి."

"ఆగింది. మధ్యలోనే ఆగింది."

"ఈ అరని ఆ అరకి బిగిస్తున్నా. ఒక స్క్రూ తక్కువొచ్చింది."

"లెక్కపెట్టాంగా!"

"విడివిడిగా నిలబెట్టడానికి లెక్క సరిపోయింది మేడమ్. ఒకదానికొకటి కలపడానికి ఇంకోటి కావాలి. అత్తగారి జానెడులో పెట్టింది తీస్తున్నా లెండి. ఇప్పుడు పలక. పెద్ద మేడమ్ ఆ చివర, చిన్న మేడమ్ ఈ చివర. ఎత్తండి. నెమ్మదిగా. గోడకి రాయకండి."

"గీత దాటుతున్నావే."

"నువ్వూ దాటుతున్నావక్కా. ఇద్దరం అత్తయ్య జానెడులో ఉన్నాం."

"దించండి. దించండి. వేళ్ళు తీయండి! … కూర్చుంది. ఇప్పుడు రెండోది. పట్టీ నేను పెడతా, మీరు అటు నుంచి నెట్టండి. ఇంకా. ఇంకొంచెం. చాలు."

"ఏదీ, చెయ్యి వేసి చూడనివ్వండి. … ఊగట్లేదే."

"రెండు చేతులూ వెయ్యక్కా."

"వేశాను. ఊగట్లేదు."

"నేను మోచేతులు వేస్తున్నా. … అక్కా, ఊగట్లేదు."

"దాని మీద ఎక్కి కూర్చోకండి చిన్న మేడమ్, సిలికాన్ ఇంకా పెట్టలేదు."

"కూర్చోను అన్నా. ఆ అట్టపెట్టె తెస్తా."

"మంచం కిందది?"

"ఆ, కలలోది."

"… సరిపోయిందండీ. చుట్టూ వేలెడు."

"సింకు కింద గొట్టం కూడా తగిలించేశారా? కుళాయి తిప్పి చూడనా?"

"తిప్పండి. … కింద చూడండి, చుక్క కూడా కారట్లేదు."

"అక్కా, అత్తయ్య ఇంకా దిగలేదేంటి? ఉతికింది నాలుగు బట్టలు."

"దిగకపోవడమే మంచిది. పక్క డాబా ఆవిడతో మన గురించి చెప్పుకుంటూ ఉంటారు. టైమెంత?"

"నాలుగూ పది."

"మేస్త్రీ రాలేదు."

"వస్తాడు. పొద్దున బావగారు మళ్ళీ ఫోన్ చేసి మరీ చెప్పారుగా. అన్నా, సిలికాన్ ఆరిందా?"

"రేపు పొద్దుటికి గానీ ఆరదండీ."

"రేపు పొద్దుటికా! అప్పటిదాకా ఊపితే ఊడొస్తుందా?"

"ఊపితే పట్టీ కదులుతుంది. తీసేయాలనుకుంటే తీసేయొచ్చు."

"అయిపోయింది. అక్కా, వాడొచ్చి ఇది తీసి పక్కన పెట్టి గోడ మొదలుపెడతాడు. సాయంత్రానికి మోకాలి ఎత్తు లేచిందంటే ఇంక వాళ్ళు ఆపరు. గేటుకి తాళం వేసేద్దామా?"

"తాళమెందుకని అత్తయ్య అడుగుతారు."

"ఇటుకలు ఎక్కడైనా దాచేద్దాం."

"అన్ని ఇటుకలు ఎక్కడ దాస్తావే? మంచం కిందా?"

"అయితే నేను గేటు దగ్గర నిలబడి పోట్లాడతా, వాడు లోపలికి రాకుండా."

"ఒక్కదానివే ఎవరితో పోట్లాడతావు?"

"నువ్వూ రా."

"మేడమ్, మీరు కంగారు పడకండి. మేస్త్రీ రాడు."

"మీకెలా తెలుసు?"

"వద్దని చెప్పేశారటండీ. ఇవాళ పొద్దున్నే. దారిలో మేస్త్రీయే అన్నాడు."

"ఎవరు? మా ఆయనా?"

"మా ఆయనా?"

"మీ అత్తగారండీ."

"అత్తయ్యా? తాపీ మేస్త్రీకి అత్తయ్య ఎందుకు ఫోన్ చేస్తారు?"

"నాక్కూడా చేశారు. నిన్న సాయంత్రం. రెండు సెట్లూ కలిపి ఒకటిగానే బిగించమన్నారు. పట్టీ మర్చిపోకుండా తెమ్మన్నారు. ఆ మూల కన్నంలో పొయ్యి వస్తుందని కొలత కూడా చెప్పారు."

"… అన్నా, మరి పొద్దున్నుంచీ మాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"అనొద్దన్నారండీ. 'కోడళ్ళిద్దరూ పోట్లాడుతున్నట్టుంటారు బాబూ. నేను నమ్ముతున్నట్టుంటాను. నువ్వూ అలాగే ఉండు' అన్నారు."